సానబట్టిన రాళ్లు: సేకరణయు, పరీక్షయు

తపాలా బిళ్లలను, నాణెములను సేకరించు అలవాటు మన విద్యార్థులలో పలువురికి కలదు. సానబట్టిన రంగురాళ్లను సేకరించువారు మాత్రము అరుదు. రత్నములనగానే రాజుల బొక్కసములును, ధనవంతుల నగలును స్ఫురించుటయే ఇందుకు ముఖ్యకారణము. కాని రత్నములన్నియు వజ్రములు, కెంపులు కావు. ఊదారంగు అమెథిస్టు, పసుపుపచ్చని సిట్రిను, ఎఱ్ఱని గార్నెట్టు, లేత ఆకుపచ్చని పెరిడాటు మొదలగు రాళ్లు చిన్న పరిమాణములో సామాన్యులు కొనగల వెలకే దొరకును. మొదటి రెండును మనకు చిరపరిచితమైన పలుగురాయి జాతివే. ఇట్టి రాళ్లు పది పన్నెండు ఒకచోట చేర్చినచో అది చిన్న ప్రయోగశాల యగును. తరగతిలో చదివిన వక్రీభవనము, సాంద్రత, కాఠిన్యము, ధ్రువణము అను విషయములన్నియు ఆ చిన్న పెట్టెలో కంటికి కనిపించును.

ఈ సేకరణవలన వినోదమేకాక మరియొక ప్రయోజనము కూడ కలదు. జాతిరాళ్ల పేరుతో గాజుముక్కలు కొని మోసపోవువారు పల్లెలలోను, పట్టణములలోను ఉన్నారు. ఉంగరములోని రాయి ఏమిటో తెలిసికొనుటకు త్రాసు, గ్లాసెడు నీరు, భూతద్దము చాలవరకు సాయపడునని ఎఱిగినవారు తక్కువ.

పిట్లం పరిసరముల నేల

ఇట్టి పరిచయమునకు కామారెడ్డి జిల్లాలోని పిట్లం ప్రాంతము అనువైనది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడుటకు ముందు ఈ ప్రాంతము నిజామాబాదు జిల్లాలో ఉండెను. తూర్పున ఎల్లారెడ్డి, కామారెడ్డి వైపు గ్రానైటు గుట్టలు కలవు. పడమట మద్నూరు, జుక్కల్ వైపు పోయినకొలది నల్లరేగడి నేలయు, దాని అడుగున బసాల్టు అను నల్లరాయియు కానవచ్చును. ఇంత దగ్గరలో రెండు భిన్నమైన శిలాజాతులు ఉండుట విద్యార్థికి మేలు.

బసాల్టు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై పొరలుపొరలుగా ప్రవహించిన లావా గట్టిపడగా ఏర్పడినది. లావా చల్లారునపుడు అందులోని వాయువులు బుడగలుగా చిక్కుకొని, రాతిలో చిన్న పెద్ద గుంతలు మిగిలినవి. తరువాతి కాలమున సిలికా కరిగిన నీరు ఆ గుంతలలోనికి ఊరి, పొరపొరగా సిలికాను పేర్చినది. అట్లేర్పడినవే చాల్సిడొనీ, చారలుగల అగేటు అను రాళ్లు. కొన్ని గుంతల నడుమ ఖాళీ మిగిలినచో అక్కడ మొనదేలిన పలుగు స్ఫటికములు పెరుగును. బసాల్టు శిథిలమై నల్లరేగడి మన్నుగా మారినను, సిలికా మాత్రము చెక్కుచెదరక గులకరాళ్లుగా మిగులును. మంజీర నది మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండలలో పుట్టి ఈ బసాల్టు నేలమీదుగా ప్రవహించుచు వచ్చును. 1923-1931 మధ్య నిజాంసాగరు ఆనకట్ట కట్టినది ఈ నదిమీదనే.

ఏటి గులకలలో దొరకు అగేటు వెలుగును కొంత లోనికి రానిచ్చును గాని, దానిగుండ అవతలి వస్తువు కనబడదు. ఇట్టి రాతిని సానపట్టువారు గుండ్రముగా, పొట్ట ఎత్తుగా నునుపుచేయుదురు. పిల్లికన్నువలె గీత కనిపించు వైడూర్యమును కూడ అట్లే చేయుదురు. లోపలిదాక వెలుగు ధారాళముగా పోగల పారదర్శకమైన రాతికే పలకలు కోయుదురు. ఇందుకు కారణము ఆ పలకలు చేయు పనిలోనే ఉన్నది.

పలకలు చేయు పని

సానబట్టిన రాతిని ప్రక్కనుండి చూచినచో మూడు భాగములు కనిపించును. నడుమ వడ్డాణమువంటి అంచు. దానికి పైన శిరోభాగము. క్రింద కోసుగా దిగు అధోభాగము. శిరోభాగము నడుమ పెద్దదైన బల్లపరుపు పలక ఉండును. నేడు వజ్రములకు ఎక్కువగా వాడు గుండ్రని కోతలో శిరోభాగమున 33 పలకలు, అధోభాగమున 24 పలకలు, వెరసి 57 ఉండును. క్రింది మొనను కూడ చిన్న పలకగా చేసినచో 58 అగును.

శిరోభాగమునుండి లోనికి పోయిన వెలుగును అధోభాగపు పలకలు అద్దములవలె త్రిప్పి తిరిగి చూపరి కంటికి పంపవలెను. వాటికి వెనుక పాదరసపు పూత లేదు. అయినను అద్దముగా పనిచేయుటకు కారణము సంపూర్ణాంతర పరావర్తనము. వెలుగు దట్టమైన పదార్థమునుండి గాలిలోనికి పోవునపుడు పతనకోణము ఒక హద్దును మించినచో బయటికి పోలేక పూర్తిగా లోనికే మరలును. ఆ హద్దే సందిగ్ధకోణము. 1ని వక్రీభవన గుణకముచే భాగించగా వచ్చునది ఆ కోణపు సైను విలువ. వక్రీభవన గుణకము పలుగునకు 1.544, కురువిందమునకు 1.762, వజ్రమునకు 2.417. కెంపు, నీలము కురువిందపు రకములే. ఈ లెక్కన సందిగ్ధకోణము పలుగునకు 40.4 డిగ్రీలు, కురువిందమునకు 34.6, వజ్రమునకు 24.4 అగును.

ఇక చిన్న లెక్క చేయుదము. అధోభాగపు పలకలు రెండు ప్రక్కలనుండి ఒకే వాలుతో దిగి మొనవద్ద కలియుచున్నవనియు, ఆ వాలు "వ" డిగ్రీలనియు అనుకొందము. పై పలకగుండ నిట్టనిలువుగా దిగిన కిరణము మొదటి పలకను "వ" పతనకోణముతో తాకును. అక్కడ మరలి, ఎదుటి పలకను 180 నుండి 3వ తీసివేయగా మిగులు కోణముతో తాకును. వెలుగు కారిపోకుండుటకు ఈ రెండు కోణములును సందిగ్ధకోణమును మించవలెను. పలుగురాతికి మొదటి షరతువలన వాలు 40.4 డిగ్రీలకంటె ఎక్కువ ఉండవలెను. రెండవ షరతువలన 46.5 డిగ్రీలకంటె తక్కువ ఉండవలెను. అనగా సానపట్టువానికి ఆరు డిగ్రీల వ్యవధి మాత్రమే కలదు. వజ్రమునకు సందిగ్ధకోణము మిక్కిలి చిన్నది గనుక కోతగానికి ఎంతో స్వేచ్ఛ చిక్కును.

ఇదే లెక్కను నీటికి వేసిచూచినచో చిత్రమైన ఫలితము వచ్చును. నీటి వక్రీభవన గుణకము 1.333, సందిగ్ధకోణము 48.6 డిగ్రీలు. కావున వాలు 48.6కంటె ఎక్కువయు, 43.8కంటె తక్కువయు ఉండవలెను. అది అసాధ్యము. మంచుగడ్డ గుణకము నీటికంటెను కొంచెము తక్కువ గనుక, మంచుగడ్డను ఎంత నేర్పుతో కోసినను ఈ రీతిగా తళుకు రాదు. రెండు షరతులును కలిసివచ్చుటకు సందిగ్ధకోణము 45 డిగ్రీలకు లోపుగా ఉండవలెను. అనగా వక్రీభవన గుణకము 2 యొక్క వర్గమూలమును, సుమారు 1.414ను, మించవలెను. విద్యార్థులు గాజునకు ఈ లెక్క తామే చేసి చూడవచ్చును.

దీనినుండి సేకర్తకు ఉపయోగపడు పరీక్ష యొకటి వచ్చును. రాతిని పై పలక పైకుండునట్లు అచ్చు కాగితముపై పెట్టి తిన్నగా చూడవలెను. పలుగురాతి నడుమగా అక్షరములు స్పష్టముగా కనబడినచో, దాని అధోభాగము పలుచనై వెలుగు క్రిందికి కారిపోవుచున్నదని అర్థము. ఈ లోపమునకు వర్తకులు "కిటికీ" అని పేరు పెట్టినారు. ముడిరాయి బరువు వృథా కాకుండ, పైనుండి పెద్దదిగా కనిపించునట్లు కోసిన రాళ్లలో ఇది తరచుగా ఉండును.

తెల్లని వెలుగు రంగులుగా విడిపోవుటను విక్షేపణమందురు. దీనికి రత్నశాస్త్రములో వాడు కొలత వజ్రమునకు 0.044, కురువిందమునకు 0.018, పలుగునకు 0.013. వజ్రమును కదలించినపుడు ఎఱుపు, నీలి మెరపులు ఎగయుటకును, పలుగురాయి తేటగా ఉన్నను అట్లు మెరయకపోవుటకును కారణము ఇదియే.

బరువా, మెరుపా?

ఈ గణితము తెలియకముందు కోతగాండ్రు కంటితోనే పని నడిపిరి. 17వ శతాబ్దమున గోలకొండ గనులకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే ఇక్కడి కోతగాండ్ర పద్ధతిని తన యాత్రాగ్రంథములో వర్ణించినాడు. రాయి నిర్మలముగా ఉన్నచో చక్రముపై స్వల్పముగా సానబట్టి వదలుదురనియు, లోపములున్నచో వాటిని మరుగుపరచుటకు అనేకమైన పలకలు పెట్టుదురనియు అతడు వ్రాసెను. బరువు తగ్గింపరాదని వారి పట్టుదల.

ఐరోపావారి పట్టుదల వేరు. కృష్ణాతీరపు కొల్లూరు గనిలో లభించినదని చెప్పబడు కోహినూరు 1849లో ఆంగ్లేయుల వశమైనపుడు నేటి కొలతలో సుమారు 191 కారెట్లు ఉండెను. 1852లో లండనులో 38 దినములు దానిని తిరిగి కోసిరి. మిగిలినది 105.6 కారెట్లు. నూటికి 45 వంతులు పొడియైపోయినవన్నమాట. కారెట్టు అనగా 200 మిల్లీగ్రాములు. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అను యువ ఇంజనీరు మెరుపునకును, రంగుల చిమ్ముటకును సమతూకము కుదురు కోణములను లెక్కగట్టి ప్రకటించెను. అధోభాగపు వాలు 40.75 డిగ్రీలు, శిరోభాగపు వాలు 34.5 డిగ్రీలు ఉండవలెనని ఆతని నిర్ణయము.

హైదరాబాదు చరిత్రలోను ఇట్టి గొప్ప రాయి యొకటి కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1891లో కొన్న జాకబ్ వజ్రము దక్షిణాఫ్రికానుండి వచ్చినది. దాని బరువు 184.75 కారెట్లు, పలకలు 58. ఏడవ నిజాము దానిని కాగితములపై బరువుగా వాడెను. 1995లో భారత ప్రభుత్వము నిజాము ట్రస్టులనుండి 173 నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నపుడు ఈ వజ్రము కూడ ప్రజల సొత్తయ్యెను. దాని బరువు 36.95 గ్రాములు, వజ్రపు సాంద్రత 3.52. కావున ఘనపరిమాణము 10.5 ఘన సెంటీమీటర్లని పాఠశాల విద్యార్థి కూడ చెప్పగలడు.

త్రాసుతో పరీక్ష

రంగును చూచి రాతిని నిర్ణయించుట ప్రమాదకరము. బ్రిటిషు రాజకిరీటములోని "నల్లయువరాజు కెంపు", లాహోరు ఖజానానుండి పోయిన "తైమూరు కెంపు" రెండును కెంపులు కావు. స్పినెల్ అను వేరొక ఖనిజము. స్పినెల్ వేరు, కెంపు వేరని 1783లోగాని ఖనిజశాస్త్రజ్ఞులు తేల్చలేదు. చక్రవర్తుల రత్నపరీక్షకులే తడబడినచోట రంగును నమ్ముకొనుట తగదు.

నమ్మదగినది విశిష్ట సాంద్రత. ఇది ఆర్కిమిడీసు సూత్రమే. రాతిని మొదట గాలిలో తూచి, పిదప సన్నని దారముతో నీటిలో వ్రేలాడదీసి తూచవలెను. గాలిలోని బరువును రెండు బరువుల భేదముచే భాగించిన విశిష్ట సాంద్రత వచ్చును. ముఖ్యమైన విలువలు ఇవి:

పలుగు జాతి (అమెథిస్టు, సిట్రిను) — 2.65
బెరిల్ (పచ్చ, ఆక్వామెరీను) — సుమారు 2.72
వజ్రము — 3.52
టోపాజు — 3.53
స్పినెల్ — 3.60
హెస్సొనైటు గార్నెట్టు (గోమేధికము) — సుమారు 3.65
కురువిందము (కెంపు, నీలము) — 4.00
జిర్కాను — సుమారు 4.7 వరకు
క్యూబిక్ జిర్కోనియా (కృత్రిమము) — 5.6 నుండి 6.0

ఒక ఎఱ్ఱరాయి గాలిలో 1.200 గ్రాములు, నీటిలో 0.900 గ్రాములు తూగినదనుకొందము. భేదము 0.300, భాగించగా 4.00. అది కురువిందము కావచ్చును. స్పినెలైనచో నీటిలో 0.867 గ్రాములు తూగి యుండును. గాజునకు స్థిరమైన సాంద్రత లేదు. సాధారణమైన గాజు 2.5 ప్రాంతమున ఉండును. సీసము కలిపిన గాజు 4ను కూడ మించవచ్చును. కావున ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పరాదు.

త్రాసు సూక్ష్మత ఎంత ముఖ్యమో ఈ ప్రయోగము చక్కగా బోధించును. ఒక కారెట్టు కెంపు 0.200 గ్రాములు, నీటిలో తగ్గు బరువు 0.050 గ్రాములు మాత్రమే. త్రాసులో ఒక మిల్లీగ్రాము తేడా వచ్చినచో ఫలితములో నూటికి 2 వంతుల దోషము కలుగును, అది సహింపదగినదే. పది మిల్లీగ్రాముల తేడా వచ్చినచో దోషము నూటికి 20 వంతులై ఫలితము నిరర్థకమగును. చిన్నరాళ్లకు రసాయనశాలలోని సున్నితపు త్రాసు కావలెను. రాతికి అంటిన గాలిబుడగలను కుంచెతో తొలగించుట మరువరాదు. నగలో పొదిగిన రాతికి ఈ పరీక్ష పనికిరాదు.

పోలరాయిడ్ పలకలతో పరీక్ష

భౌతికశాస్త్రశాలలో రెండు పోలరాయిడ్ పలకలున్నచో మరియొక పరీక్ష చేయవచ్చును. వాటిని అడ్డముగా పెట్టి వెలుగు పూర్తిగా ఆగునట్లు చేసి, నడుమ రాతిని ఉంచి మెల్లగా త్రిప్పవలెను. కెంపు, పలుగు, టోపాజు వంటివి ఒక చుట్టులో నాలుగుసార్లు వెలిగి నాలుగుసార్లు ఆరును. ఇవి ఒక కిరణమును రెండుగా చీల్చు ద్వివక్రీభవన పదార్థములు. గాజు, స్పినెల్, గార్నెట్టు, వజ్రము ఆ గుణము లేనివి గనుక సాధారణముగా చీకటిగానే ఉండును. లోపలి బిగువువలన ఒక్కొక్కప్పుడు చెదరిన మసక వెలుగు కనిపించుటయు కలదు. ద్వివక్రీభవన స్ఫటికములకు కూడ ఒకానొక దిశలో ఈ గుణము కనిపించదు. అందుచేత రాతిని రెండు మూడు ప్రక్కలుగా పెట్టి చూడవలెను.

ఎఱ్ఱరాయి కెంపా, గార్నెట్టా, గాజా అను సందేహమునకు త్రాసును, పోలరాయిడును కలిసి చాలవరకు సమాధానమిచ్చును. ద్వివక్రీభవనము ఎక్కువగాగల పెరిడాటు, జిర్కానులలో పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో పై పలకగుండ చూచినచో, వెనుకటి పలకల అంచులు జంటగీతలుగా కనిపించును.

ఒక సేకర్త కనుగొన్న ఖనిజము

ఈ జంటగీతలను శ్రద్ధగా చూచుటవలన ఎంతటి ఫలితము కలుగునో 1945లో జరిగిన సంగతి తెలుపుచున్నది. ఐర్లండులోని డబ్లిను నగరమున రిచర్డు టాఫె అను రత్నాభిమాని ఒక నగల వర్తకునివద్ద సానబట్టిన రాళ్ల కుప్పనుండి కొన్నిటిని ఏరి కొనెను. వాటిలో లేత ఊదారంగుది యొకటి స్పినెలువలె కనిపించెను. బరువు 1.419 కారెట్లు. సాంద్రతయు, వక్రీభవన గుణకమును స్పినెలుకు సరిపోయినవి. కాని సూక్ష్మదర్శినిలో వెనుకటి అంచులు జంటగా కనిపించినవి. స్పినెలులో అట్లు కనిపింపరాదు.

"ఏదో స్పినెల్" అని పెట్టెలో పడవేయక, ఆ చిన్న వ్యత్యాసమును ఆతడు పట్టుకొనెను. రాతిని లండనులోని రత్నపరీక్షాశాలకు పంపగా, అక్కడి ఆండర్సను మొదలగు పరిశోధకులు దానిని పరిశీలించిరి. అందు బెరిలియము, మెగ్నీషియము, అల్యూమినియము, ఆక్సిజను కలవనియు, అంతవరకు శాస్త్రమునకు తెలియని ఖనిజమనియు తేలినది. 1951లో దాని వివరములు ప్రకటితమైనవి. సేకర్త పేరుమీదుగా అది "టాఫెయైటు" అయినది. కొత్త ఖనిజములు సాధారణముగా గనులలోని ముడిరాళ్లలో దొరకును. సానబట్టిన రాయినుండి మొదట గుర్తింపబడిన ఖనిజము ఇది.

కృత్రిమ రత్నములు

1902లో వెర్నోయి అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు అల్యూమినియం ఆక్సైడు పొడిని మంటలో కరిగించి కెంపులు తయారుచేయు విధానమును ప్రకటించెను. అట్టి కెంపు రసాయన రీత్యా, భౌతిక రీత్యా గని కెంపే. త్రాసును, పోలరాయిడును రెండిటికి ఒకే సమాధానము చెప్పును. ఇక్కడ భూతద్దమే సాక్షి. మంటలో పెరిగిన రాతిలో పెరుగుదల గీతలు గ్రామఫోను పళ్లెముపై గీతలవలె వంపుగాను, వాయుబుడగలు గుండ్రముగాను ఉండవచ్చును. గనిరాతిలో గీతలు తిన్నగా, కోణములు తేలి ఉండును; సూదులవంటి అన్యఖనిజములు కనిపించును. ఏ లోపము లేని పెద్ద కెంపు తక్కువ వెలకు దొరకినచో సంతోషించుటకు ముందు సందేహించుట మేలు.

నేడు వజ్రములు కూడ కర్మాగారములలో పెరుగుచున్నవి. వాటిని గని వజ్రములనుండి వేరుచేయుటకు ప్రత్యేక యంత్రములుగల పరీక్షాశాలలే శరణ్యము. ప్రయోగశాలలో పెరిగిన రాతిని ఆ పేరుతోనే అమ్మినచో తప్పులేదు; గనిరాయిగా అమ్ముటయే మోసము. పచ్చలలోని పగుళ్లను నూనెతో నింపుట, కురువిందమును కాల్చి రంగు పెంచుట, అమెథిస్టును కాల్చి పసుపు సిట్రినుగా మార్చుట వర్తకములో సామాన్యము. వెల పెద్దదైనపుడు పరీక్షాశాల పత్రము లేనిదే కొనరాదు.

ఈ పరిజ్ఞానము అమ్మువారికిని అవసరమే. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములలోను, అనంతపురం జిల్లా వజ్రకరూరువద్దను తొలకరి వానలకు పొలములలో వజ్రములు వెదకువారు ఏటేట కనిపింతురు. దొరకిన రాయి వజ్రమో, పలుగో ఎఱుగని కూలివాడు మధ్యవర్తి చెప్పిన మాటనే నమ్మవలసి వచ్చును. సాంద్రత 2.65 అయినచో పలుగు, 3.52 అయినచో వజ్రమగుటకు అవకాశము కలదు. ఈ రెండంకెలు తెలియుటవలన వెల కట్టలేకపోయినను, బేరమునకు ముందు మరొకరిని సంప్రదింపవలెనా అను వివేకము కలుగును.

రామన్, భగవంతం

విశాఖపట్టణమున చదువుకొన్న సర్ సి. వి. రామన్‌కు రత్నములపై ఎడతెగని మక్కువ. ఆయన సేకరించిన ఖనిజములు, రత్నములు బెంగుళూరులో ఆయన స్థాపించిన పరిశోధన సంస్థలో నేటికిని ఉన్నవి. తెలుగువారైన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, రామన్‌వద్ద పరిశోధకులై, 1930 ప్రాంతమున వజ్రములో రామన్ ప్రభావమును పరిశీలించిరి. తరువాత 1952లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. ఒక పదార్థముపై ఏకవర్ణ కాంతి పడినపుడు చెదరిన వెలుగులో ఆ పదార్థమునకే ప్రత్యేకమైన గీతలు కనిపించుట రామన్ ప్రభావము. నేటి రత్నపరీక్షాశాలలు రాతిని గీయకుండ, విరువకుండ గుర్తించుటకు ఈ ప్రభావమునే వాడుచున్నవి.

మన ప్రాంతపు మరొక రాయి ప్రాచీన చరిత్రకే సాక్ష్యమైనది. కొత్తగూడెము సమీపమున గరీబుపేటవద్ద గార్నెట్టులు విరివిగా దొరకును. పుదుచ్చేరి సమీపమున అరికమేడులో బయల్పడిన ప్రాచీన గార్నెట్టు పూసలను రసాయనికముగా పరీక్షించి, వాటి రాయి గరీబుపేటనుండి పోయినదని ఇటీవలి పరిశోధకులు నిర్ణయించిరి.

సేకరణ ప్రారంభించు విధము

ప్రారంభకుడు ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క రాయి చొప్పున ఎంచుకొనుట మంచిది. రంగుకు అమెథిస్టు, జంటగీతలకు పెరిడాటు, ఏకవక్రీభవనమునకు గార్నెట్టు, కాఠిన్యమునకు కృత్రిమ కురువిందము, విక్షేపణమునకు క్యూబిక్ జిర్కోనియా, పోల్చుటకు గాజు. కృత్రిమమని తెలిసి కొన్న రాయి సేకరణకు లోపము కాదు. చౌకగా దొరకు పాఠ్యపరికరము. దగ్గరలోని ఏటిలో కంటబడిన అగేటు గులకను, పలుగు ముక్కను వాటి ప్రక్కన పెట్టినచో, ముడిరాతికిని సానరాతికిని గల సంబంధము బోధపడును. గులకలకై గట్లు త్రవ్వుట, క్వారీలలో దిగుట, నీరు వదలు వేళ ఏటిలోనికి పోవుట కూడదు.

రాళ్లను ఒకదానితో నొకటి రాచుకొనకుండ వేర్వేరు పొట్లములలో దాచవలెను. 1812లో మోహ్స్ ఏర్పరచిన కాఠిన్యపు వరుసలో పలుగు 7, టోపాజు 8, కురువిందము 9, వజ్రము 10. ఎక్కువ అంకెగలది తక్కువ దానిని గీయును. ఈ పరీక్షను సానబట్టిన రాతిపై చేయరాదు, రాయి పాడగును. కాఠిన్యము వేరు, పగులకుండు దార్ఢ్యము వేరు. వజ్రమును సుత్తితో కొట్టినను పగులదను మాట నమ్మి మంచి రాళ్లను పోగొట్టుకొన్నవారు కలరు. వజ్రమునకును, టోపాజునకును కొన్ని దిశలలో సులభముగా చీలు గుణమున్నది. అమెథిస్టు కొన్ని రకములు ఎండలో వెలిసిపోవును. పచ్చను వేడినీటిలో కడుగరాదు.

ప్రతి పొట్లముపై పేరు, బరువు, కొన్నచోటు, తేదీ, వెల, కొలిచిన సాంద్రత, భూతద్దములో కనిపించిన గుర్తులు వ్రాయవలెను. చీటీలేని రాయి అందమైన వస్తువే గాని అధ్యయనమునకు పనికిరాదు. వర్తకుడు చెప్పిన పేరును, పరీక్షలో తేలిన పేరును వేర్వేరుగా వ్రాయుట మంచి అలవాటు. రెండును కలియనిచోటనే అసలైన చదువు ప్రారంభమగును.

హైదరాబాదుకు విహారయాత్రగా పోవు విద్యార్థులు సాలార్జంగు వస్తుప్రదర్శనశాలను తప్పక చూడవలెను. మూడవ సాలార్జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతయు సేకరించిన వస్తువులతో 1951లో అది ప్రారంభమైనది. రత్నములు పొదిగిన కత్తులను, జేడు పాత్రలను చూచునపుడు, ఏ రాతిని గుండ్రముగా చేసిరి, ఏ రాతికి పలకలు పెట్టిరి, ఎందుకు అని గమనించినచో చూపు సార్థకమగును.

ఉపాధ్యాయులు పాఠశాలలో ఆరు రాళ్లతో చిన్న పెట్టె నొకటి ఏర్పరచి, పేర్లు చెప్పక విద్యార్థులకిచ్చి, త్రాసుతోను, పోలరాయిడుతోను వాటిని గుర్తింపుమనవచ్చును. మొదటి తూకములు సరిపోవు. దారము బరువు తీసివేయుట మరచుటయో, బుడగ అంటియుండుటయో కారణమై యుండును. తిరిగి తూచి, కారణము వెదకి, సరియైన అంకెకు చేరుకొన్న విద్యార్థికి ఆర్కిమిడీసు సూత్రము ఇక మరపునకు రాదు. మెరయుచున్నదెల్ల రత్నమని నమ్మక, తూచి చూచి చెప్పు అలవాటు కూడ అతనికి ఏర్పడును.